ఉక్కు నాడిని చూచిన కిరణము

కుండను కొనువారు వ్రేలితో తట్టి, మ్రోతను బట్టి బీటను కనిపెట్టుట పెద్దలెరిగినదే. మహానదిపై నిలిచిన ఇనుపవంతెన బలమును కనిపెట్టుట యెట్లు? ఈ ప్రశ్న ఎంత గొప్పదో 1967 వ సంవత్సరము డిసెంబరు 15 వ తేదీన అమెరికా దేశమునకు తెలిసివచ్చెను. ఆనాడు ఒహాయో నదిపైనున్న సిల్వర్ బ్రిడ్జి అను వంతెన కూలి 46 మంది మరణించిరి. అది 1928 లో కట్టినది. గొలుసువలె కూర్చిన దాని ఉక్కుకడ్డీలలో ఒకదాని రంధ్రముచెంత, సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతుగల పగులే యీ నాశనమునకు మూలమని విచారణలో తేలెను.

లోహము లోపలికి చూచు ఉపాయమునకు 1895 లో జర్మనీయందలి వుర్జ్‌బర్గు నగరమున బీజము పడెను. అచట రాంట్‌జెన్ పండితుడు ఒక క్రొత్త కిరణమును కనుగొని, అది యెట్టిదో తెలియనందున ఎక్స్ కిరణమని పేరిడెను. 1912 లో మ్యూనిక్ నగరమున, లావే పండితుని సూచనపై జరిగిన పరీక్షలో, ఆ కిరణములు స్ఫటికముగుండ పోయి క్రమమైన చుక్కలుగా చెదరుట కనబడెను. ఆ చుక్కలను బట్టి పరమాణువుల వరుసల నడిమి యెడమును కొలుచు సూత్రమును ఇంగ్లండునందు బ్రాగ్ అను తండ్రీకొడుకులు స్థాపించిరి. 1915 లో నోబెల్ బహుమానము వారిరువురకును లభించెను.

ఆ యెడమే లోహమునకు నాడి. బరువు పడినప్పుడు అది మారును. మామూలు ఉక్కు సాగి మరల స్వరూపమునకు రాగల మేర సుమారు వేయింట నొకపాలు మాత్రమే. అయితే సాధారణమైన ఎక్స్ కిరణములు ఉక్కు పైపొరను దాటలేక, మిల్లీమీటరులో కొన్ని నూరవవంతుల లోతుననే అణగిపోవును.

1947 లో అమెరికాయందలి స్కెనెక్టడీ నగరమున, వలయాకార యంత్రములో దాదాపు కాంతివేగముతో తిరుగు ఎలక్ట్రానులనుండి వెలువడు వెలుగును తొలుత కన్నులార చూచిరి. పిమ్మట ఆ వెలుగుకొరకే గొప్ప వలయములు వెలసెను. ఫ్రాన్సునందు గ్రెనోబుల్ నగరమున 844 మీటర్ల చుట్టుకొలతగల వలయము 1994 లో పరిశోధకులకు తెరువబడెను. ఇట్టివాని తీక్ష్ణకిరణములు సెంటీమీటరు మందముగల ఉక్కునుగూడ దూసికొని పోగలవు.

ఇందువలన లోహమును కోయకయే, యంత్రమున లాగుచుండగనే, లోపలి మార్పును కొలువ వీలయ్యెను. ఉక్కు ఏకఖండముగా తోచినను అసంఖ్యాకమైన చిన్న స్ఫటికముల కూర్పు. ఒకే కాడి క్రింది యెడ్లు సమముగా లాగనట్లే, అవియును బరువును సమముగా మోయవు. ఏ స్ఫటికము అధికభారమును మోయుచున్నదో, పగులు కొనయందు ఒత్తిడి యెంత కూడుచున్నదో ఇప్పుడు లెక్కింపవచ్చును.

ఆ వలయమును వంతెనకడకు కొనిపోజాలము. కిరణము పగులును అతుకదు. కాని ఏ లోహము ఎంత భారమును ఎంతకాలము ఓర్చునో నిర్ణయించుటకు ఈ లెక్కలు తోడ్పడును. ఉక్కు తాళగల మేర ముందుగా తెలిసినప్పుడే గదా, దానిపై నడచువాని ప్రాణమునకు అభయము!