పచ్చిబియ్యం, మొద్దుబారిన కాళ్ళు

మచిలీపట్నం రేవు నుంచి ఉత్తరంగా సాగే సర్కారు తీరంలో, కంపెనీ పటాలాల కాలంలో ఒక జబ్బు సిపాయిలను పట్టి పీడించేది. ముందు కాళ్ళు తిమ్మిరెక్కేవి, తర్వాత నీరు పట్టేవి, చివరికి నడక తూలేది. ఈ బెరిబెరి మీద మద్రాసు సైనిక వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ 1835లో ఒక గ్రంథమే అచ్చువేశాడు. అరికాళ్ళ మంటల గురించి కూడా రాశాడు. ఇవాళ గుడివాడలోనో అవనిగడ్డలోనో షుగరు డాక్టరు ముందు కూర్చున్నవాళ్ళు చెప్పుకునేవీ ఆ తిమ్మిర్లే, ఆ మంటలే. జబ్బులు వేరన్నది నిజం. అయినా మధుమేహంలో నరాల నష్టాన్ని ఒక్క చక్కెర లెక్కతో తేల్చెయ్యకూడదని ఈ కృష్ణా డెల్టా గతం గట్టిగా చెబుతోందని నా వాదన.

బెరిబెరికి మూలం బి1 విటమిన్ లోపం. అది ఇక్కడే ఎందుకు పాతుకుపోయిందన్న ప్రశ్నకు కూనూరు పోషకాహార పరిశోధనశాలలో అక్రాయిడ్ బృందం బియ్యంలోనే జవాబు వెతికింది. వాళ్ళ నివేదిక 1940లో వచ్చింది. వరి తినే తమిళ, మలయాళ ప్రాంతాల పేదలకు ఈ జబ్బు అంతగా లేదు. వాళ్ళు తినేది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని నానబెట్టి, ఉడికించి, ఎండబోస్తే తవుడులోని బి1 గింజలోకి దిగుతుంది. తర్వాత మర ఆడించినా కొంత నిలుస్తుంది. మనవాళ్ళకు పచ్చిబియ్యం కావాలి, అదీ తెల్లగా ఉండాలి. తవుడు గేదె కుడితిలోకి పోయేది. మిగిలిన కాస్త బలాన్నీ రెండు మూడు నీళ్ళు కడిగి, గంజి వార్చి పోగొట్టుకునేవాళ్ళం. వాటిని పులియబెట్టే తరవాణి కుండ ఉన్న ఇంట్లో మాత్రం ఆ గంజి, కడుగునీళ్ళు వృథా కాలేదు. తరవాణిని పేదల తిండి అని చిన్నచూపు చూశాం గానీ అందులో తెలివి ఉంది. మాల్కంసన్ నాటికి మిల్లులే లేవు కదా అని అడగవచ్చు. లేవు, నిజమే. అయితే రోకటితోనూ బియ్యాన్ని తెల్లగా దంచవచ్చు. మర చేసిందల్లా ఆ తెలుపును అందరి కంచాల్లోకీ తేవడం.

కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలువల కింద మాగాణి పెరిగింది, వరి ఒక్కటే పంటగా, తిండిగా స్థిరపడింది. తర్వాతి శతాబ్దంలో కూర, పప్పు, పాలు పెరిగి బెరిబెరి తగ్గింది, షుగరు వచ్చింది. పక్కనున్న గోదావరి జిల్లాల్లో 20 గ్రామాల్లో చేసి 2006లో ప్రచురించిన సర్వేలో, ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళలో దాదాపు 13 శాతం మందికి మధుమేహం తేలింది. తాతలు ఇంతకన్నా ఎక్కువ అన్నం తిన్నారు, వాళ్ళకెందుకు రాలేదు అంటారు. వాళ్ళు నాట్లు వేశారు, కోతలు కోశారు, బస్తాలు మోశారు. పైగా వాళ్ళకు రక్తపరీక్ష చేసిందెవరు? అన్నమే దోషి అని నేననను. అయితే 21 దేశాల్లో 1,32,000 మందిని గమనించిన ప్యూర్ అధ్యయనం 2020లో తెల్లబియ్యానికీ మధుమేహానికీ సంబంధం చూపింది. అది దక్షిణాసియాలోనే అన్నిటికన్నా బలంగా కనిపించింది.

ఇక నరాల సంగతి. దివిసీమ రైతు చెప్పుల్లేకుండా దమ్ము చేలో దిగుతాడు. అరికాలిని సన్నని నైలాన్ పోగుతో, అది వంగేదాకా పది గ్రాముల ఒత్తిడితో తాకితే తెలియని మనిషికి నత్తగుల్ల కోసినా తెలియదు. చక్కెర ఎక్కువైతే నరం చెడుతుందన్నది రుజువైన మాట. అంతటితో కథ పూర్తి కాలేదు. మధుమేహుల రక్తంలో బి1 బాగా తక్కువగా ఉందని, మూత్రపిండాలు దాన్ని ఎక్కువగా బయటికి పంపుతున్నాయని బ్రిటన్‌లో థోర్నలీ బృందం 2007లో చూపింది. అలాగని బి1 బిళ్ళలు మింగితే చాలనుకోవడం తొందరపాటే. దాని రూపాంతరమైన బెన్‌ఫోటియమిన్ 2003లో జంతువుల్లో ఆశ పుట్టించినా, మనుషుల్లో పరీక్షలు అంత గట్టి ఫలితం ఇవ్వలేదు. బి12 సంగతి ఇంతకన్నా స్పష్టం. ఏళ్ళ తరబడి షుగరు మందు మెట్‌ఫార్మిన్ వాడితే అది తగ్గవచ్చు, ఆ లోపమూ ఇవే తిమ్మిర్లు తెస్తుంది. దాన్ని పసిగడితే ఇంజెక్షన్లతోనో బిళ్ళలతోనో సరిదిద్దవచ్చు. షుగరు దెబ్బకు పాడైన నరాన్ని మళ్ళీ మామూలు చేసే మందు మాత్రం ఇంకా లేదు. కాబట్టి కాళ్ళు మొద్దుబారాయని వచ్చిన షుగరు రోగికి బి12 పరీక్ష కూడా రాయాల్సిందే.