నేర్చుకునే బండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు ఊళ్ళలో ఎక్కడైనా సరే, "ఇంట్లోవాళ్ళకి బండి నేర్పాలి, ఏది కొనమంటారు?" అని అడిగి చూడండి. మూడు జవాబులొస్తాయి. పాత ఎక్స్‌ఎల్ ఒకటి చూడు. స్కూటీ తీసుకో, ఆడపిల్లలకు పనికొస్తది. లేదా, ఎట్లాగూ డబ్బులు పెడుతున్నావు కాబట్టి స్ప్లెండరే కొను, గేర్లొస్తే అన్నీ వచ్చినట్టే.

మూడూ బండి గురించిన సలహాల్లాగే ఉంటాయి. కానీ ఒక్కో సలహా వెనక ఒక్కో మనిషి ఉన్నారు. ఎక్స్‌ఎల్ వెనక పొలం పోయే నాన్న, స్కూటీ వెనక కాలేజీకి పోయే చెల్లె, స్ప్లెండర్ వెనక కొడుకు. అమ్మ మాత్రం ఏ జవాబులోనూ లేదు. చిన్న బండ్ల చరిత్ర మీద నాకు ఆసక్తి మొదలైంది ఈ ఖాళీ దగ్గరే.

ముందు ఊళ్ళ సంగతి. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ ఉంటాయి. ఒకప్పుడు దాని నంబరు 9, ఇప్పుడు 65. ఈ రెండు ఊళ్ళకీ రైలు లేదు. మిర్యాలగూడకి రైలుంది, నాగార్జునసాగర్ ఎడమ కాల్వ ఉంది, ఆ నీళ్ళ పుణ్యమా అని వరీ, రైసు మిల్లులూ ఉన్నాయి. సాగర్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేస్తే, 1967 ఆగస్టులో కాల్వలకు నీళ్ళొదిలారు. నీళ్ళతో పాటు తిరుగుడు కూడా పెరిగింది. ఎరువుల దుకాణం, మిల్లు, బ్యాంకు, ఆసుపత్రి, అన్నీ పట్నంలోనే. హైవే మీద బస్సులకు కొదవ లేదు. కొదవంతా హైవే దిగాక మిగిలే ఆ ఐదారు కిలోమీటర్లలోనే. మన దగ్గర మోపెడ్ చరిత్ర అంటే ఆ ఐదారు కిలోమీటర్ల చరిత్రే.

"తేలికైన బండి" అనే ఆలోచన మాత్రం దూరం నుంచి వచ్చింది. 1946లో ఇటలీలో వెస్పా గీసిన కొరాడినో దస్కానియో విమానాల ఇంజనీరు. మోటార్‌సైకిలంటే ఆయనకు పడేది కాదు. అందుకే ఇంజన్ని కనపడకుండా మూసేసి, కాలెత్తి అవతలికి వేయాల్సిన అవసరం లేకుండా, నడిచి ఎక్కినట్టు ఎక్కే బండి చేశాడు. గౌను వేసుకున్నవాళ్ళకీ వీలవుతుంది, చీర కట్టుకున్నవాళ్ళకీ వీలవుతుంది. 1958లో జపాన్‌లో హోండా సూపర్ కబ్ వచ్చింది. దాంట్లో గేర్లున్నాయి కానీ చేత్తో నొక్కే క్లచ్ లేదు. 2017 కల్లా అవి 10 కోట్లు తయారయ్యాయి.

ఈ క్లచ్ గొడవ ఏమిటో కాస్త చూద్దాం, కష్టమంతా అక్కడే ఉంది కాబట్టి. గేర్ల బండి కదలాలంటే ఎడమ చెయ్యి మెల్లగా వదులుతుంటే కుడి చెయ్యి మెల్లగా తిప్పాలి. రెండు చేతులు రెండు వ్యతిరేకమైన పనులు ఒకే క్షణంలో చేయాలి. మోపెడ్‌లో ఆ పని యంత్రమే చేసుకుంటుంది. ఇంజను వేగం పెరిగితే లోపలి క్లచ్ షూలు బయటికి విసురుకుని డ్రమ్మును పట్టుకుంటాయి, బండి కదులుతుంది. వేగం తగ్గితే వదిలేస్తాయి. అలాగని గేర్లు లేని బండి అన్ని విధాలా భద్రమని కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు భయపడితే చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. చేతిలో ఉన్నది యాక్సిలరేటరు. గేర్ల బండి మీద భయంతో క్లచ్ ఒక్కసారి వదిలేస్తే చాలాసార్లు ఇంజను ఆగిపోతుంది. గేర్లు లేని బండి మాత్రం ముందుకి ఉరుకుతుంది. కాబట్టి నేర్చుకునే బండికి గేర్లు లేకపోవడం ఒక్కటే చాలదు, బలం కూడా తక్కువుండాలి.

ఇక చిన్నగా కనిపించే ప్రతిదీ తేలిక కాదు. 1973లో 'బాబీ' సినిమాతో పేరొచ్చిన రాజ్‌దూత్ జీటీఎస్ చూడటానికి బొమ్మలా ఉంటుంది. లోపలున్నది 175 సీసీ ఇంజను, గేర్లు, క్లచ్. నిజంగా తేలికైనది అంతకు ముందే, 1972లో వచ్చింది. పుణెలోని కైనెటిక్ ఇంజనీరింగ్ వాళ్ళ లూనా, 50 సీసీ. పెట్రోలు అయిపోతే సైకిల్లా తొక్కుకుంటూ ఇంటికి రావచ్చు. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. వెనక ఇంకో మనిషి కూర్చోవచ్చు, యూరియా బస్తా కూడా కూర్చోవచ్చు. కాల్వ కింది ఊళ్ళకి కావలసింది సరిగ్గా అదే. తర్వాత వచ్చిన ఎక్స్‌ఎల్ ఆ వారసత్వాన్నే కొనసాగించింది.

అయితే అది ఎవరి చేతికి పోయింది? రైతు చేతికి, పాలాయన చేతికి, బట్టల మూట కట్టుకుని ఊరూరా తిరిగే వ్యాపారి చేతికి. ఆడవాళ్ళకి దొరికింది వెనక సీటు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక ఆ వెనక సీటు ఇంకా ఖాయమైంది. మన చట్టంలో కూడా దీని గుర్తు ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చూడండి. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా, వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే అడ్డు ఉండాలంటుంది. మనం దాన్ని చీర గార్డు అంటాం. మంచి నిబంధనే, ఎన్నో ప్రాణాలు కాపాడి ఉంటుంది. కానీ చీర ఎక్కడ కూర్చుంటుందో ఆ మాటలోనే తేలిపోయింది: వెనక, ఒక పక్కకి తిరిగి.

ముందు సీటు వైపు తలుపు తెరిచింది 1984లో వచ్చిన కైనెటిక్ హోండా. గేర్లు లేవు, బటన్ నొక్కితే స్టార్టవుతుంది. 1990లో బజాజ్ సన్నీ, ఆ దశాబ్దం నడుమ టీవీఎస్ స్కూటీ వచ్చాయి. మన జిల్లాలో టీచర్లు, ఏఎన్ఎమ్‌లు సొంతంగా బండి మీద ఊళ్ళకి పోవడం మామూలైంది ఆ తర్వాతే. కొలతల్లో చెప్పాలంటే, నాలుగు స్ట్రోకుల స్కూటీ పెప్ ప్లస్ బరువు 95 కిలోల లోపే. స్ప్లెండర్ 110 దాకా ఉంటుంది. నడిచేటప్పుడు ఈ తేడా తెలియదు. ఆగినప్పుడు, బండి ఒక పక్కకి ఒరిగినప్పుడు, ఆ 15 కిలోలే నేర్చుకునేవాళ్ళ ధైర్యాన్ని నిర్ణయిస్తాయి.

చట్టం విషయంలో మన దగ్గర ఒక పాత నమ్మకం ఉంది: "ఎక్స్‌ఎల్‌కి లైసెన్సు అక్కర్లేదు, పిల్లలు తోలొచ్చు." తప్పు. 1988 చట్టం ప్రకారం 16 ఏళ్ళు నిండినవాళ్ళు, ఇంట్లో పెద్దల రాతపూర్వక అనుమతితో, 50 సీసీ దాటని గేర్లు లేని బండికి లైసెన్సు తీసుకోవచ్చు. ఎక్స్‌ఎల్ సూపర్ దాదాపు 70 సీసీ. ఇప్పటి ఎక్స్‌ఎల్ 100 పేరులోనే సంగతి ఉంది. సన్నీ, మొదటి స్కూటీ కూడా 60 దగ్గరే. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రో, సంరక్షకుడో, బండి యజమానో జైలుకు పోవచ్చు, మూడేళ్ళ దాకా. అయినా మార్కెట్ యార్డు ఖాళీగా ఉన్న రోజుల్లో అక్కడ ఎవరు నేర్చుకుంటున్నారో చూడండి. పద్నాలుగేళ్ళ అబ్బాయికి స్ప్లెండర్ ఇస్తాం. నలభై ఏళ్ళ అమ్మకి, లైసెన్సుకి అన్ని అర్హతలూ ఉన్న మనిషికి, "నీకెందుకమ్మా, మేం దింపుతాం గదా" అంటాం.

అంటే సమస్య బండిలో లేదా? ఇక్కడ పుదుక్కోట్టై సంగతి గుర్తు చేసుకోవాలి. 1990ల మొదట్లో తమిళనాడులోని ఆ జిల్లాలో, అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా, లక్ష మందికి పైగా ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. కలెక్టరు షీలారాణి చుంకత్ దాని వెనక గట్టిగా నిలబడ్డారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ దాని గురించి రాశారు. ఆడవాళ్ళ సైకిళ్ళు సరిపోక మగవాళ్ళ సైకిళ్ళ మీదే నేర్చుకున్నారట. కొందరికి అవే నచ్చాయట కూడా, ముందు కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని. మనం అడ్డంకి అనుకునే కడ్డీ వాళ్ళకి సీటయింది. నేర్పేవాళ్ళున్నారు, సాటి ఆడవాళ్ళు పక్కనున్నారు, సైకిలు చేతికి అందింది. తేలికైన బండి కంటే ఈ మూడూ ముఖ్యం.

ఇప్పుడు మళ్ళీ ఆ ప్రశ్న: ఏది కొనాలి? నా లెక్క ఇది. మొదటి పదిహేను రోజులకి పాత ఎక్స్‌ఎల్‌ని మించింది లేదు. కొత్త గీతలు పడతాయన్న బెంగ ఉండదు, బలం తక్కువ, నడుమ కాలు పెట్టుకునే ఖాళీ ఉంది. రెండు కాళ్ళూ పూర్తిగా నేలకి ఆనాలి, అది చూసుకుని కొనండి. మొదటి రోజు ఇంజను ఆపేసి తోసుకుంటూ నడవడం, రెండో రోజు బ్రేకులు, యాక్సిలరేటరు ఆ తర్వాత. కాల్వ కట్ట మీద వద్దు, వడ్లు ఆరబోసిన రోడ్డు మీద అసలే వద్దు. నేర్పేవాళ్ళకి లైసెన్సుండాలి, ముందూ వెనకా తెల్లటి దాని మీద ఎర్రటి 'ఎల్' ఉండాలి. అది వచ్చాక గేర్లు కూడా నేర్పండి. గేర్లు లేని బండికీ గేర్ల బండికీ లైసెన్సులు వేరు. ఇంట్లో అర్ధరాత్రి మిగిలి ఉన్నది స్ప్లెండర్ ఒక్కటే అయితే, స్కూటీ మాత్రమే వచ్చిన అమ్మకి ఆ రాత్రి బండి రానట్టే.

అన్నిటికంటే ముఖ్యమైన కొలత మాత్రం ఏ షోరూం కాగితం మీదా ఉండదు. నేర్చుకున్న బండి పగటి పూట ఎక్కడుంటుంది? పొద్దున ఎనిమిదింటికి ఇంట్లోంచి పోయి రాత్రికి వచ్చే బండి ఎంత తేలికైనా, అమ్మ దాని మీద నేర్చుకున్నది నెలలో మర్చిపోతుంది. వెస్పా నుంచి స్కూటీ దాకా ఇంజనీర్లు కడ్డీ తీశారు, క్లచ్ తీశారు, బరువు తగ్గించారు. తాళంచెవిని మగవాళ్ళ జేబులోంచి తీయడం ఇంజనీర్ల పని కాదు. గోడకి ఒక మేకు కొట్టి, దాన్ని అందరి చేతికీ అందేలా తగిలించడం ఇంట్లోవాళ్ళ పని.