బండి వెనక రాత

బంపర్ మీద అంటించే స్టిక్కరు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో వాడుకలోకి వచ్చింది. కాన్సాస్ సిటీలో ఫారెస్ట్ గిల్ అనే ప్రింటరు, వెనక జిగురున్న కాగితం మీద అచ్చు వేసి అమ్మాడు. అక్కడ అది ఎన్నికల ప్రచారానికి, టూరిస్టు స్థలాల ప్రకటనలకి బాగా పనికొచ్చింది.

మన బెంగళూరు, కోలారు రోడ్ల మీద దాని పని వేరే. బండి నడిపే మనిషి ఎవర్ని నమ్ముకున్నాడో అది చెప్తుంది. 1980లో 'ఆటో రాజా' సినిమాలో శంకర్ నాగ్ ఆటో డ్రైవర్ వేషం వేశాడు. ఆయన 1990లో పోయాడు, ఆటోల వెనక బొమ్మ మాత్రం ఇప్పటికీ ఉంది. 2015లో కాసరగోడు జిల్లా చిత్రకారుడు కరణ్ ఆచార్య ఊరి కుర్రాళ్ల జెండా కోసం గీసిన కోపం హనుమంతుడు కార్ల అద్దాలకెక్కాడు.

ఇంకొకటి అందరూ చూసిందే: 'తాయియ ఆశీర్వాద', అంటే అమ్మ దీవెన. కన్నడ అక్షరాల్లో ఉంటుంది. మనవాళ్ల బండ్ల మీదా అదే. ఆ దీవెన ఇచ్చిన అమ్మ మాత్రం "నిదానంగా పోయి రా నాయనా" అని తెలుగులోనే చెప్పి పంపుతుంది.

దీన్ని తెలుగు మర్చిపోవడం అనుకోనక్కర్లేదు. స్టిక్కరు వెనక వచ్చేవాళ్ల కోసం, వాళ్లు చదివేది కన్నడ. మనలో చాలామందికి చదవడం వచ్చిందీ కన్నడలోనే. అయితే ఇంటి మాట ఏ బండి మీదా రాసి ఉండదు. పిల్లలకి అది నోటితోనే అందాలి. అమ్మ ఆ మాట అనడం మానేస్తే, రోడ్డు మీద చూసి నేర్చుకునే దారి లేదు.