మనామా సూక్‌లో మన రూపాయి

బహ్రెయిన్ వచ్చిన కొత్తలో, మనామా సూక్‌లో ఒక ముసలి వర్తకుడు నూరు ఫిల్సుల నాణేన్ని ‘రుబియ్యా’ అనడం విని ఆశ్చర్యపోయాను. రూపాయి ఇక్కడికెలా వచ్చింది?

ఆరా తీస్తే తెలిసింది. ఒకప్పుడు ఇక్కడ చెలామణి అయింది మన రూపాయే! ఆ రూపాయలతో గల్ఫ్‌లో బంగారం కొని దొంగచాటుగా భారతదేశానికి చేరవేయడంతో మన విదేశీ మారకం కరిగిపోసాగింది. అందుకని 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లు వేయించింది. పది రూపాయల నోటు ఎరుపు, వంద నోటు ఆకుపచ్చ. నంబరు ముందు ‘జెడ్’ అక్షరం. మన దేశపు బజారులో అవి చెల్లవు. 1965లో బహ్రెయిన్ దినారు వచ్చింది, పది రూపాయలకు ఒక దినారు. అలా రూపాయి నూరు ఫిల్సులైంది.

పాత నోట్లు తిరిగి బ్యాంకులకే చేరాయి గనుక మిగిలినవి బహు కొద్ది. ఎర్ర పది నోటు కోసం ఏళ్ల తరబడి తిరిగాను. మంచివాటి ధర నా జీతానికి అందలేదు. చివరికి అంచు చిరిగినది ఒకటి దొరికింది. సేకర్తలకు అది లెక్కలోనిది కాదు. నాకు మాత్రం, మనకంటే ముందు ఇక్కడ చెమటోడ్చినవారి జీతం అది.

మీ ఇళ్లలో పాత ట్రంకు పెట్టెలుంటే ఓసారి వెతకండి. ‘జెడ్’ నోటు కనబడితే పిల్లలకు ఈ కథ చెప్పండి.