కుళాయిలోని నాపరాయి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలో కాపురముండే ఏ ఇల్లాలిని అడిగినా నీళ్ళు రెండు రకాలని చెబుతుంది: మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు. ఈ ఉప్పునీళ్ళలో కూర ఉప్పు ఒక్కటే కాదు, కరిగిన రాయి కూడా ఉంటుంది. శాస్త్రం దాన్ని నీటి కాఠిన్యం అంటుంది. గీజరులో, వాషింగ్ మెషిన్ గొట్టాల్లో తెల్లగా పేరుకునేది అదే. మనవాళ్ళు దాన్ని గార అంటారు. గోడకు పూసే సున్నపు పూతకూ అదే పేరు. ఆ పూత ఆరి గట్టిపడ్డాక అయ్యేదీ, గీజరులో చేరేదీ ప్రధానంగా ఒకే పదార్థం: కాల్షియం కార్బనేటు. ఈ గార చరిత్ర గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు మిత్రులతో పంచుకోవాలనిపించింది.

కథ రాతితో మొదలవుతుంది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలలపై ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. నేటికీ ఈ శిలాసముదాయాన్ని ప్రపంచమంతటా కడప పేరుతోనే పిలుస్తారు. పులివెందుల పక్కనున్న వేంపల్లె పేరు అందులో ఒక పొరకు దక్కింది. ఆ పొరలోని డోలమైటు కాల్షియం, మెగ్నీషియం కార్బనేట్ల కలయిక. వయస్సు 180 కోట్ల సంవత్సరాల పైమాటే. తుమ్మలపల్లె యురేనియం ఖనిజం కూడా ఈ డోలమైటులోనే ఉంది. ఆమ్లం పోస్తే రాయే దాన్ని తాగేస్తుంది కనుక అక్కడ క్షారంతో శుద్ధి చేస్తారు. ఇక జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు పరచుకున్నది నార్జి సున్నపురాయి. మన ఇళ్ళలో పరిచే నాపరాళ్ళూ, ఎర్రగుంట్ల సిమెంటూ ఆ రాతి చలవే.

వాననీరు గాలి నుండి, మట్టి నుండి బొగ్గుపులుసు వాయువును గ్రహించి ఈ రాతిని మెల్లగా కరిగించుకుంటుంది. ఆ నీటిని కాచినప్పుడు వాయువు ఎగిరిపోయి రాయి తిరిగి రాయిగా మారుతుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల తాత్కాలిక కాఠిన్యం ఉన్న నీటిని రోజుకు వంద లీటర్లు కాచే ఇల్లు ఒకటి ఉందనుకుందాం. అందులో పదోవంతు పేరుకున్నా ఏడాదికి కిలో రాయి దాటుతుంది. లోహంతో పోలిస్తే గార వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది. కనుక కాయిలు తనలో తానే మాడిపోతుంది.

ఈ యంత్రాలు రాక మునుపు మన ఇళ్ళు ఈ నీటితో ఎలా వేగాయి? ఇక్కడే నాకు ఆశ్చర్యం కలుగుతుంది. సబ్బు కాఠిన్యంతో కలిసి తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది. కుంకుడురసం అలా విరగదు. చాకళ్ళు బట్టలు ఉడకబెట్టిన చౌడుమట్టిలో సోడా ఉంటుంది, అది నీటిలోని కాల్షియాన్ని ముందే కిందికి దించేస్తుంది. ఉప్పునీళ్ళలో కందిబేడలు ఉడకవని పప్పుకు మాత్రం ఏటి చెలమ నీళ్ళు దాచేవారు. గార పట్టిన పాత్రకు చింతపండు పులుసు పట్టించేవారు. రసాయన శాస్త్రం చదవకపోయినా ఏ పనికి ఏ నీరో వారికి తెలుసు. అయితే ఆ జ్ఞానాన్ని మోసింది స్త్రీల నడుములూ, నెత్తిన బిందెలూ. కనుక ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరను.

తర్వాత సర్ఫు 1959లో, నిర్మా 1969లో వచ్చాయి. ఈ పొడులు ఉప్పునీటిలోనూ నురుగునిచ్చాయి కనుక కాఠిన్యం బట్టల దగ్గర కనుమరుగై, గీజరు దగ్గర మళ్ళీ బయటపడింది. ఈలోగా నీటి వనరూ మారింది. ఊటబావులు ఎండి బోర్లు లోతుకు దిగాయి. రాతితో ఎక్కువకాలం మెలగిన లోతునీరు సాధారణంగా మరింత కఠినం. మెత్తటి నీరు ఎప్పుడూ బయటినుండే వచ్చింది. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ తుంగభద్ర నీటిని ప్రొద్దుటూరు సీమకు తెచ్చింది. జమ్మలమడుగుకు మైలవరం జలాశయం, పులివెందులకు చిత్రావతి జలాశయం దగ్గరయ్యాయి. గాలేరు-నగరి కాలువతో కృష్ణనీరు గండికోటకు చేరింది.

వేసవిలో కుళాయికి బోరునీరు కలిసిన నెలల్లో మా ఇంట గార త్వరగా కడుతుంది. ఊరు ఏ నీరు తాగుతున్నదో గీజరు చెబుతుందన్నమాట. భారత ప్రమాణాల సంస్థ 2012 ప్రమాణం ప్రకారం తాగునీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే వనరు లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. ఆ "వేరే వనరు లేనిచోట" అన్న మాటలోనే మన సీమ చరిత్రంతా ఉందనిపిస్తుంది.

గీజరు వేడిని తగ్గించి పెట్టుకోవడం, ఏడాదికోసారి నిమ్మ ఉప్పుతో కడిగించడం మన చేతిలో పనే. ఆర్వో యంత్రం మాత్రం ఒక లీటరు ఇచ్చి తరచు రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. కరవుసీమలో ఆ నీటిని మోరీలోకి వదలడం నాకు మింగుడుపడదు. బకెట్టులో పట్టి బండలు కడగడానికైనా వాడుకోవచ్చు. ఇంటింటా యంత్రాలు కొని ఓడిపోవడం కన్నా, కాలువ నీరు పన్నెండు నెలలూ కుళాయికి రావాలని అడగడం మేలు. మీ ఊళ్ళో గార కథ ఏమిటో రాయండి.