వారంటీ కాని వారంటీ

మొన్న ఆదివారం మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్ చేశాడు. ప్లేనోలో ఇరవై ఏళ్ళ పాత ఇల్లొకటి చూసుకున్నాడట. "అన్నా, హోమ్ వారంటీ తీసుకోమని ఏజెంట్ చెబుతున్నాడు. ఏడాదికి ఏడొందల డాలర్లట. తీసుకోనా, వద్దా?"

ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఇదే ప్రశ్నకి ఓసారి తప్పు జవాబు చెప్పుకుని చేతులు కాల్చుకున్నవాణ్ణి. రేపు ఫోన్ చేస్తానని చెప్పి, అసలు ఈ వారంటీ ఎక్కణ్ణుంచి పుట్టిందో కాస్త తవ్వాను.

ముందు నా కథ. చిన్నప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ కొన్నాక నాన్న దాని గ్యారంటీ కార్డుని ఇంటి దస్తావేజుల పక్కనే బీరువాలో దాచారు. నా బుర్రలో వారంటీ అంటే అదే. ఇక్కడ పాత ఇల్లు కొన్నప్పుడు హోమ్ వారంటీ కాగితాన్నీ అలాగే ఫైల్లో పెట్టి నిశ్చింతగా పడుకున్నా. రెండో జూలైలో ఏసీ ఆగిపోయింది. డాలస్ జూలై అంటే మన రెంటచింతల మే నెలే అనుకోండి. ఇంట్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మా నాన్నా, ఐదు నెలల పాప. కంపెనీ పంపిన మెకానిక్ మూడోరోజుకి వచ్చాడు. వంద డాలర్ల ఫీజు పుచ్చుకుని, కంప్రెసర్ పోయిందని చెప్పి వెళ్ళాడు. మర్నాడు కంపెనీ జవాబు: సరిగ్గా మెయింటెనెన్స్ చేయించలేదు కాబట్టి మాది బాధ్యత కాదు. కొత్త ఏసీ వచ్చేదాకా అందరం హోటల్లో. ఖర్చంతా నాదే. కోపమొచ్చి నాలుగు తిట్టాను గానీ, తర్వాత కాంట్రాక్టు తీసి చూస్తే ఆ షరతు స్పష్టంగానే ఉంది. చదవనిది నేను.

సరే, చరిత్రకొద్దాం. ఇల్లు పాడైతే ఎవరు బాధ్యులన్న గొడవ చాలా పాతది. క్రీస్తుపూర్వం 18వ శతాబ్దపు హమ్మురాబి శాసనం ప్రకారం గోడ ఒరిగితే కట్టినవాడు సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణదండనే! తర్వాతెప్పుడో ఇంగ్లీషు చట్టం దీన్ని తిరగేసి, జాగ్రత్తంతా కొనేవాడిదే అంది. అమెరికాకూ అదే సూత్రం వచ్చింది.

దాన్ని ఇక్కడ, టెక్సస్‌లో, దెబ్బతీసింది 1968 నాటి హంబర్ వర్సెస్ మోర్టన్ కేసు. హంబర్ అనే వితంతువు కొత్త ఇల్లు కొనుక్కుంది. నెగడులో మొదటిసారి మంట వెయ్యగానే ఇల్లే అంటుకుంది. కొనేముందు చూసుకోవాల్సిందని బిల్డర్ వాదన. కొత్త ఇళ్ళ విషయంలో ఆ పాత సూత్రానికి కాలం చెల్లిందని, ఇల్లు సరిగ్గా కట్టానన్న హామీ బిల్డర్ నోటితో చెప్పకపోయినా అమ్మకంలోనే ఉంటుందని టెక్సస్ సుప్రీంకోర్టు తేల్చింది. గమనించండి, ఆ హామీకి ఆవిడ విడిగా డబ్బేమీ కట్టలేదు.

మరి పాత ఇల్లో? అమ్మేవాడు బిల్డర్ కాదు, మనలాంటి ఉద్యోగస్తుడే. ఇల్లమ్మాక ఏ ఊరు పోతాడో తెలీదు. ఈ ఖాళీలోకి వచ్చిందే హోమ్ వారంటీ వ్యాపారం. 1971లో అమెరికన్ హోమ్ షీల్డ్ మొదలైంది. కొన్నవాడికి ధైర్యం, అమ్మినవాడికి తర్వాత ఫోన్లు రావన్న నిశ్చింత, ఏజెంటుకి బేరం తెగడం. ముగ్గురికీ నచ్చింది.

కానీ పేరులోనే ఉంది తిరకాసు. వస్తువుల వారంటీల మీద 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టం ఓ గీత గీసింది. వస్తువు ధరలోనే కలిసొచ్చే హామీ వారంటీ. అదనంగా డబ్బు తీసుకుని ఇచ్చేది సర్వీస్ కాంట్రాక్టు. టెక్సస్ చట్టంలో మన హోమ్ వారంటీ పేరు కూడా రెసిడెన్షియల్ సర్వీస్ కాంట్రాక్టే.

మన భాషలో చెప్పాలంటే, ప్రాజెక్టు లైవ్‌కి వెళ్ళాక మొదటి మూణ్ణెల్లు బగ్గులు ఉచితంగా సరిచేస్తామే, అది వారంటీ. ఆ తర్వాత క్లయింటుతో డబ్బు తీసుకుని సంతకం చేయించుకునేది సపోర్ట్ కాంట్రాక్టు. అందులో ఏవి చెయ్యమో రాయడానికి మనం ఎంత శ్రద్ధ తీసుకుంటామో మనకి తెలీదూ? నేను ఏఎంసీ కాగితాన్ని గ్యారంటీ కార్డనుకుని బీరువాలో దాచుకున్నానన్నమాట.

అలాగని అసలు వారంటీ అయితే చాలనీ కాదు, వెనకాల నిలబడేవాడు ఉండాలి. అమెరికా బిల్డర్ల సంఘం 1970ల్లో 'హౌ' పేరుతో కొత్త ఇళ్ళకి పదేళ్ళ హామీ పథకం పెట్టింది. 1994కల్లా దాని బీమా కంపెనీ వర్జీనియాలో రిసీవర్ చేతిలోకి పోయింది. హైదరాబాదులోనో విజయవాడలోనో కొత్త ఫ్లాట్ కొంటున్నవాళ్ళు 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. అప్పగించిన ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడి, మీరు చెబితే 30 రోజుల్లో బిల్డర్ ఉచితంగా సరిచెయ్యాలి. అది మీరు విడిగా కొనుక్కోనక్కర్లేని వారంటీ.

మర్నాడు మా వాడికి చెప్పింది ఇదీ. "తమ్ముడూ, బీమా అనేది రాకపోవచ్చు గానీ వస్తే మనల్ని ముంచేసే ప్రమాదానికి చేయించుకోవాలి. పదిహేనేళ్ళ ఏసీ పోవడం ప్రమాదం కాదు, నీకూ తెలుసు, కంపెనీకీ తెలుసు. అందుకే అన్ని షరతులు. ఇక్కడి అమ్మకం ఒప్పందంలో ఈ కాంట్రాక్టు ఖర్చు అమ్మేవాడు ఇంతవరకు భరిస్తాడని రాసుకునే గడి ఉంటుంది. ముందు అది అడుగు. ఇస్తే పుచ్చుకో. ఇవ్వకపోతే, ముందునుంచీ ఉన్న లోపాలకి వర్తిస్తుందా, ఒక్కో రిపేరుకి గరిష్ఠంగా ఎంతిస్తారు, మెకానిక్‌ని ఎవరు ఎంచుకుంటారు, ఈ మూడూ చదువు. నచ్చకపోతే నెలకి అరవై డాలర్లు విడిగా దాచు."

"అన్నా, డౌన్ పేమెంటుకే ఉన్నదంతా ఊడ్చేశా" అన్నాడు.

అప్పుడు నా లెక్క కొంచెం మారింది. చేతిలో చిల్లిగవ్వ లేనివాడికి ఆ మొదటి ఏడాది ఎంతోకొంత ఆసరా. ఒక్క ఏడాదికి తీసుకో, ఏసీ సర్వీసు చేయించిన ప్రతి రసీదూ దాచుకో, రెండో ఏడాదికి నీ సొంత నిధి తయారుచేసుకో అన్నాను. నేనైతే రెన్యూ చెయ్యలేదు. వాడికి మాత్రం వద్దని చెప్పలేకపోయాను.