జీతం లేని కొలువులో నేర్చిన చదువు

1923 డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభలు జరిగాయి. అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. సభలతో పాటు ఏర్పాటైన ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీరు ఒకమ్మాయిని నిలబెట్టారు. టికెట్టు లేనివారిని లోపలికి పంపవద్దని ఆమెకు చెప్పారు. అంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టికెట్టు లేదు. ఆ అమ్మాయి ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి కోప్పడితే, మీరు చెప్పినట్టే చేశానంది. టికెట్టు కొన్నాకే ఆయనకు దారి ఇచ్చింది.

ఈ ఉదంతం మనలో చాలామందికి తెలుసు. తరగతిలో క్రమశిక్షణ గురించి చెప్పేటప్పుడు మన ఉపాధ్యాయులు తరచూ వాడేదే. అయితే కథను ఆ ద్వారం దగ్గరే ఆపేస్తే ముఖ్యమైన భాగం మిగిలిపోతుందని నాకనిపిస్తుంది. ఆ అమ్మాయి దుర్గాబాయి. తర్వాత న్యాయవాదిగా, రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ప్రణాళికా సంఘం సభ్యురాలిగా ఎదిగారు. ఆ ఎదుగుదలకు పునాది జీతం లేకుండా చేసిన పనుల్లో పడింది.

ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధాన్ని వదులుకున్నారు. ఇంగ్లీషు మాధ్యమాన్ని రుద్దుతున్నారని బడి మానేసి, తాను నేర్చుకున్న హిందీని ఆడవాళ్లకు నేర్పే పాఠశాల పెట్టారు. ఆ హిందీయే మొదట అక్కరకొచ్చింది. 1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీ స్త్రీలు ఆయన మాట వినాలని పట్టుబట్టారు. ఐదు వేల రూపాయల నిధి సమకూరిస్తే కొన్ని నిమిషాలు ఇప్పిస్తామన్నారు నిర్వాహకులు. డబ్బు పోగైంది, సభ జరిగింది. గాంధీజీ హిందీ ప్రసంగాన్ని తెలుగులో వినిపించింది ఈ అమ్మాయే. అప్పటికి ఆమెకు పన్నెండో ఏడు నడుస్తోంది. చందాలు పోగుచేయడం, సభ నడపడం, జనం ముందు బెదరకుండా మాట్లాడడం ఆ వయసులోనే పట్టుబడ్డాయి.

1930 ఉప్పు సత్యాగ్రహంతో మొదలై 1933లోగా మూడుసార్లు జైలుకెళ్లారు. అక్కడ సాటి ఖైదీలను చూశారు. చట్టం తెలియక, తమ తరఫున మాట్లాడే దిక్కులేక, చేయని నేరాన్ని కూడా ఒప్పుకుని శిక్ష అనుభవిస్తున్న స్త్రీలున్నారు. వాళ్లకు సాయపడాలంటే న్యాయశాస్త్రం చదవాలి. తనకు చూస్తే మెట్రిక్యులేషన్ కూడా లేదు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఉద్యమంలో అంత పేరు తెచ్చుకున్న మనిషి, ఇరవై దాటాక, చిన్నపిల్లలు చదివే పాఠాలు ముందేసుకుని కూర్చున్నారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్ష ప్రైవేటుగా రాసి గట్టెక్కారు. ఆపైన వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతి శాస్త్రం బి.ఏ. ఆనర్సు. ఆడపిల్లలకు హాస్టలు లేదంటే, పత్రికలో ప్రకటన ఇచ్చి తనలాంటివాళ్లను కూడగట్టి వసతి తామే ఏర్పాటు చేసుకున్నారు. కాకినాడలో చందాలు పోగుచేసిన చేతికి ఇదేమంత పని! 1942లో మద్రాసులో లా పూర్తిచేసి న్యాయవాదిగా నమోదయ్యారు.

మన పిల్లలు ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు వెళ్తామంటే "సర్టిఫికెట్ వస్తుందా, మార్కులు కలుస్తాయా?" అని అడిగే తల్లిదండ్రులున్నారు. అడగడంలో తప్పులేదు, ఇంటి పరిస్థితులు అలాంటివి. దుర్గాబాయికి సేవ ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు. ఏం చదవాలో, ఎవరికోసం చదవాలో మాత్రం తెలిసింది. చదువుకు ఆలస్యమైన ఏళ్లను ఆమె కష్టపడి పూడ్చుకోవలసి వచ్చిందన్నదీ పిల్లలకు చెప్పాలి.

తన చదువు సాగుతున్న రోజుల్లోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. మైలాపూరులో చుట్టుపక్కల ఆడపిల్లలను చేరదీసి నడిపిన చిన్న బృందం దానికి మూలం. మధ్యలో చదువాగిన స్త్రీలను అదే బెనారస్ మెట్రిక్యులేషన్‌కు అక్కడ తయారు చేశారు. తాను నడిచిన అడ్డదారిని ఇతరులకు రాజబాటగా వేశారన్నమాట. 1946లో రాజ్యాంగ సభకు వెళ్లారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు ముప్పై ఐదు అని ముసాయిదాలో ఉంటే, ముప్పైకి తగ్గించాలని సవరణ ప్రతిపాదించింది ఆమే. పద్నాలుగేళ్లకే బాధ్యత మోసిన మనిషి కదా.

1952 ఎన్నికల్లో లోక్‌సభకు గెలవలేకపోయారు. ఆమె అనుభవం మాత్రం వృథాగా పోలేదు. ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సహాయంగా నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ సొమ్మును అందించేందుకు 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే, తొలి అధ్యక్షురాలు దుర్గాబాయే. ఒకప్పుడు చందా కోసం తిరిగిన మనిషి ఇప్పుడు దేశమంతటి సేవాసంస్థలకు నిధులిచ్చే కుర్చీలో కూర్చున్నారు. అర్జీ పెట్టుకునేవారి ఇబ్బంది ఆమెకు మరొకరు చెప్పనక్కర్లేదు.

1958లో ఆ బోర్డు వయోజన మహిళలకు కుదించిన విద్యాకోర్సులు ప్రారంభించింది. పాఠశాల చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను తక్కువ కాలంలో పరీక్షలకు తయారుచేయడం, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా పనిచేసేందుకు దారి చూపడం ఆ కోర్సుల ఉద్దేశం. మైలాపూరులో జీతం తీసుకోకుండా చెప్పిన ట్యూషనే అలా దేశమంతటి పథకమైంది.